కండరాల జబ్బు అన్నారు, మరి రిపోర్టులో మెదడు స్పందన పెద్దగా ఉందని ఎందుకు రాశారు?

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెప్తాను, ఇదే ఇబ్బందిలో ఉన్న వేరేవాళ్ళకి కూడా పనికొస్తుంది. మీ చెల్లెలికి 19 ఏళ్ళు. రెండేళ్ళుగా చేతులు ఉన్నట్టుండి ఎగిరిపడుతున్నాయి. వెనకనుంచి ఎవరైనా తాకితే ఒళ్ళంతా కుదుపు వస్తోంది. రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి, నడక కాస్త తూలుతోంది. తొడ కండరం ముక్క తీసి బయాప్సీ చేసి ర్యాగెడ్ రెడ్ ఫైబర్లు (అంచులు చిరిగినట్టు ఎర్రగా కనిపించే కండరపోగులు) ఉన్నాయని, మైటోకాండ్రియాకి సంబంధించిన కండరాల జబ్బని చెప్పారు. ఆ తర్వాత మణికట్టు దగ్గర కరెంటు పెట్టి చేసే ఎస్‌ఎస్‌ఈపీ పరీక్షలో "జెయింట్ స్పందన, సెన్సరీ కార్టెక్స్ అతి ఉత్తేజం" అని రాశారు. మీరు ముఖ్యంగా అడిగినవి మూడు. కండరాల జబ్బుకి మెదడుతో ఏం పని? ఆ జెయింట్ అన్న మాట గడ్డ గురించా? మేనరికం వల్లే ఇదంతా వచ్చిందని ఇంట్లో అంటున్నారు, నిజమేనా?

ముందు సూటిగా సమాధానం. ఒకే లోపం రెండు చోట్ల కనిపిస్తోంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా సరిగా పనిచేయకపోతే, శక్తి బాగా ఖర్చుచేసే కండరమూ దెబ్బతింటుంది, మెదడూ దెబ్బతింటుంది. జెయింట్ అంటే గడ్డ కాదు. చేతి మీద తగిలిన స్పర్శకి మెదడు ఇచ్చే జవాబు ఉండాల్సినదానికన్నా చాలా పెద్దగా ఉందని దాని అర్థం. మీ చెల్లెలి కుదుపులు ఎక్కడ పుడుతున్నాయో ఆ రిపోర్టే చెప్పింది. అది తెలియడం మంచిదే, ఎందుకంటే ఏ మందులు వాడాలి, ఏవి వాడకూడదు అన్నది చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది. మేనరికం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, చివర్లో చెప్తాను. మీరు రాసిన లక్షణాలకి సరిపోయే జబ్బుల్లో మొదటగా అనుమానించాల్సిన మెర్ఫ్ అనే జబ్బుకి మాత్రం మేనరికం కారణం కాదు.

నేను న్యూరాలజిస్టుని. 20 ఏళ్ళకి పైగా నరాల పరీక్షల ల్యాబులోనే ఎక్కువ సమయం గడిపాను. మీ చెల్లెల్ని నేను చూడలేదు కాబట్టి ఇది చికిత్స సలహా కాదు. రిపోర్టుని ఎలా చదవాలో, మీ డాక్టరుగారిని ఏమడగాలో చెప్పగలను.

ఆ పరీక్షలో ఏం జరుగుతుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మణికట్టు లోపలివైపు మీడియన్ నరం మీద చిన్న చిన్న షాక్‌లు ఇస్తాం. బొటనవేలు కొద్దిగా కదిలేంత చాలు. ఆ సంకేతం చెయ్యి పైకి ఎక్కి, మెడ దగ్గర వెన్నుపాములోకి వెళ్ళి, మెదడు మధ్యలో ఉన్న థాలమస్ దాటి, దాదాపు 20 మిల్లీసెకన్లకి ఎదుటిపక్క సెన్సరీ కార్టెక్స్‌కి, అంటే స్పర్శని గుర్తించే మెదడు పొరకి చేరుతుంది. దారిలో ఒక్కో మజిలీ దగ్గర ఎలక్ట్రోడ్ పెట్టి ఆ సంకేతాన్ని పట్టుకుంటాం. భుజం దగ్గర ఒక అల, మెడ దగ్గర ఒక అల, తల మీద ఎన్20 అనే అల, దాని వెనకే పీ25, ఎన్33 అనేవి వస్తాయి. పేర్లలోని అంకెలు అవి వచ్చే సమయాన్ని చెప్తాయి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో తల మీద దొరికే ఈ అలలు కొన్ని మైక్రోవోల్టులే ఉంటాయి. మెదడులో ఎప్పుడూ నడిచే మిగతా విద్యుత్తు సందడిలో అవి కనపడవు. అందుకే వందల షాక్‌లు ఇచ్చి, యంత్రం చేత సగటు తీయిస్తాం. జెయింట్ స్పందన ఉన్నవాళ్ళలో అలా కాదు. సగటు తీయకముందే, ఒక్కో షాక్‌కి తెరమీద అల లేవడం కనిపిస్తుంది. నేను ట్రైనింగులో ఉన్నప్పుడు మొదటిసారి అది చూసి, ఎలక్ట్రోడ్ ఊడిందేమోనని రెండుసార్లు పేస్ట్ మార్చి పెట్టాను.

ఈ పరీక్ష పుట్టుక కూడా ఇలాంటి రోగితోనే ముడిపడి ఉంది. 1947లో లండన్‌లో జార్జ్ డాసన్ అనే ఆయన, స్పర్శతో కుదుపులు వచ్చే ఒక రోగి నరానికి షాక్ ఇచ్చి తల మీద స్పందన రికార్డు చేశారు. అది చాలా పెద్దగా ఉంది. మరి ఆరోగ్యవంతుల్లో కూడా ఇది చిన్నగా ఉండి తీరాలి కదా అని, అనేక రికార్డులని ఒకదానిమీద ఒకటి ఫొటోల్లో పడేలా చేసి చూశారు. తర్వాత సగటు తీసే యంత్రం కూడా ఆయనే చేశారు. ఈ రోజు డయాగ్నస్టిక్ సెంటర్లలో చేసే ఈ పరీక్షకి మీ చెల్లెలిలాంటి ఒక రోగి దారి చూపించారన్నమాట.

ఇప్పుడు మీ రిపోర్టుకి వద్దాం. మీరు పెట్టిన కాగితంలో భుజం దగ్గర అల, మెడ దగ్గర అల, ఎన్20 మామూలుగానే ఉన్నాయి. పీ25 నుంచి ఎన్33 దాకా ఉన్న ఎత్తు మాత్రం 24 మైక్రోవోల్టులు. ఈ వరుసే అసలు విషయం. చేతినుంచి మెదడు దాకా సంకేతం మామూలు సైజులోనే వచ్చింది. అంటే చేతి నరం, వెన్నుపాము, థాలమస్ ఏవీ దాన్ని పెంచలేదు. కార్టెక్స్‌కి చేరిన తర్వాతే అది అంతై ఇంతైంది. ఎంత దాటితే జెయింట్ అనాలన్నది ఒక్కో ల్యాబుకి కాస్త తేడా ఉంటుంది, చాలామంది పది మైక్రోవోల్టుల చుట్టుపక్కల గీత పెట్టుకుంటారు. 24 ఏ గీత ప్రకారం చూసినా ఎక్కువే.

కార్టెక్స్‌లో ఎందుకు పెరుగుతుంది? మెదడులో సంకేతాన్ని ముందుకు నెట్టే కణాలు ఉంటాయి, ఆపే కణాలు కూడా ఉంటాయి. ఆపేవి గాబా అనే రసాయనంతో పనిచేస్తాయి. మనం కుర్చీలో కూర్చుంటే వీపుకి కుర్చీ తగులుతూనే ఉంటుంది, చొక్కా ఒంటికి రాసుకుంటూనే ఉంటుంది, అయినా ఉలిక్కిపడం. ఆపే కణాలు క్షణక్షణం పనిచేస్తూ ఉండబట్టే అది సాధ్యం. వీటిలో ఒక రకం కణాలు సెకనుకి వందసార్లకి పైగా సంకేతాలు పంపగలవు. అంత వేగానికి శక్తి చాలా కావాలి, అందుకే వాటి నిండా మైటోకాండ్రియా ఉంటాయి. మైటోకాండ్రియాలో లోపం ఉంటే ముందుగా అలిసిపోయేది ఇవేనని అనుకుంటున్నారు. బ్రేకు వదులైన బండి పల్లంలో ఎలా పోతుందో, చిన్న స్పర్శ కూడా కార్టెక్స్‌లో అలా పెరిగిపోతుంది. ఇంకో సంగతి, ఈ జబ్బులో చిన్నమెదడు లోపలి కేంద్రకాలు కూడా దెబ్బతింటాయి. అక్కడినుంచి కార్టెక్స్‌కి వెళ్ళాల్సిన అదుపు తగ్గడం కూడా కారణం కావచ్చు. మీ చెల్లెలి నడక తూలడానికి కూడా మూలం చిన్నమెదడే.

స్పర్శ కేంద్రం పక్కనే, ఒక్క మడత అవతల, కదలికల కేంద్రం ఉంటుంది. స్పర్శ కేంద్రంలో లేచిన పెద్ద అల అక్కడికి పొంగిపోతే చెయ్యి ఎగురుతుంది. ల్యాబులో దీన్ని నేరుగా చూడొచ్చు. మణికట్టు దగ్గర షాక్ ఇచ్చాక సుమారు 45 మిల్లీసెకన్లకి అరచేతి కండరంలో ఒక కుదుపు రికార్డవుతుంది. సంకేతం పైకి వెళ్ళి మెదడుని తాకి కిందకి రావడానికి పట్టే సమయం అది. దీన్ని సీ రిఫ్లెక్స్ అంటాం. మీ రిపోర్టులో దాని గురించి లేదు. చేసి ఉంటే ఏమొచ్చిందో అడగండి. చేయకపోయినా పరవాలేదు, మీరు చెప్పిన వెనకనుంచి తాకితే కుదుపు అన్న మాటే దాదాపు అదే సంగతి చెప్తోంది.

ఇక్కడ ఇంటివాళ్ళు తరచూ పొరబడే ఒక విషయం ఉంది, దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను. కుదుపులు రెండు రకాలు. ఒకటి, కండరం ఉన్నట్టుండి బిగిసి చెయ్యి ఎగరడం. ఇది అందరికీ కనిపిస్తుంది. రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం. పట్టుకుని ఉన్న కండరం ఒక్క క్షణం, సెకనులో పదో వంతు మాత్రమే, పట్టు వదిలేస్తుంది. గ్లాసు చేతిలోంచి జారిపోతుంది. నిలబడి ఉంటే మోకాళ్ళు మడత పడతాయి. దీన్ని నెగెటివ్ మయోక్లోనస్ అంటాం. కండరాల జబ్బు అని ఒకసారి పేరు పెట్టాక, ఇలా పడిపోయిన ప్రతిసారీ కండరాల్లో బలం తగ్గిపోతోందని అనుకుంటారు. ఫిజియోథెరపీలో బరువులు ఎత్తిస్తారు. బలం పరీక్ష చేస్తే దాదాపు మామూలుగానే ఉంటుంది, అయినా మనిషి పడిపోతూ ఉంటుంది.

నా దగ్గరికి వచ్చిన ఒకావిడ టైలరు. పాతికేళ్ళు కూడా లేవు. సూదిలో దారం ఎక్కించబోతే దారం కొన వేలికి తగలగానే చెయ్యి ఎగిరేది. ఆవిడకి అన్నిటికన్నా బాధ కలిగించింది అది కాదు. మెట్లు దిగుతుంటే కాళ్ళు క్షణం సేపు పట్టు తప్పేవి, పైనుంచి రెండుసార్లు పడింది. ఇంట్లో నీరసం అన్నారు, బలానికి టానిక్కులు తాగించారు. కాలి కండరాల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి నిలబెట్టి రికార్డు చేస్తే, కండరం సంకేతం మధ్యమధ్యలో తెగిపోవడం స్పష్టంగా కనిపించింది. ప్రతి తెగినచోటా మోకాలు మడిచింది. మందు మార్చాక మెట్లు పట్టుకుని దిగగలిగింది. చేతి కుదుపులు తగ్గాయిగానీ పూర్తిగా పోలేదు, కుట్టుపని మానేసి కొలతలు తీసుకుని కత్తిరించే పని చూసుకుంటోంది.

అందుకే మీకు ఒక పని చెప్తున్నాను. మీ చెల్లెలు గ్లాసు జారవిడిచినప్పుడు గమనించండి. గ్లాసు ఎగిరి దూరంగా పడుతోందా, తిన్నగా కిందకి జారుతోందా? నడుస్తూ పడినప్పుడు అవయవం విదిలించి పడుతోందా, కుప్పకూలినట్టు పడుతోందా? వీలైతే ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుగారికి చూపించండి. అయిదు నిమిషాల మాటలకన్నా పది సెకన్ల వీడియో ఎక్కువ చెప్తుంది.

జబ్బు పేరు గురించి. ర్యాగెడ్ రెడ్ ఫైబర్లు, కుదుపులు, ఫిట్స్, తూలే నడక, ఈ నాలుగూ కలిసి ఉంటే ముందు ఆలోచించేది మెర్ఫ్ అనే జబ్బు. 1980లో జపాన్‌లో ఫుకుహారా, ఆయన సహచరులు దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా వివరించారు. 1990లో దీనికి కారణమైన జన్యులోపం దొరికింది. మైటోకాండ్రియాకి సొంతంగా చిన్న డీఎన్‌ఏ ఉంటుంది, 16,569 అక్షరాల పొడవు, అందులో 37 జన్యువులు. వాటిలో 8344వ స్థానంలో ఒక్క అక్షరం, ఏ ఉండాల్సిన చోట జీ ఉండటం, మెర్ఫ్ ఉన్నవాళ్ళలో ఎక్కువమందిలో కనిపిస్తుంది. ప్రొటీన్ల తయారీలో లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే ఆర్‌ఎన్‌ఏ జన్యువు అది. అది పాడైతే మైటోకాండ్రియా తనకి కావలసిన ప్రొటీన్లు సరిగా కట్టుకోలేదు. అలా పాడైన మైటోకాండ్రియాలు కండర కణం అంచుల్లో గుంపులు కట్టి పెరిగిపోతాయి, రంగు వేసి చూస్తే ఎర్రగా చిరిగిన గుడ్డ అంచులా కనిపిస్తాయి. బయాప్సీ రిపోర్టులోని పేరు అక్కడినుంచే వచ్చింది.

మీరు రాసినదాన్నిబట్టి జన్యు పరీక్ష ఇంకా చేయించలేదు. చేయించండి. మెర్ఫ్‌లో ఈ లోపం సాధారణంగా రక్తంలోనే దొరుకుతుంది, మళ్ళీ కండరం కోయక్కర్లేదు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ మైటోకాండ్రియా జన్యువుల మీద చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది, మెదడు, నరాల జబ్బులు చూసే బెంగళూరు నిమ్హాన్స్ ఆస్పత్రిలో ఇలాంటి జబ్బుల అనుభవం బాగా ఉంది. మీ డాక్టరుగారు ఎక్కడికి పంపమంటే అక్కడికి పంపండి. రిపోర్టులో లోపం ఉన్న డీఎన్‌ఏ ఎంత శాతమో కూడా రాస్తారు. ఆ శాతం చూసి భవిష్యత్తు లెక్కవేయకండి. రక్తంలో ఉన్న శాతం మెదడులో ఉన్నదానితో సమానం కానక్కర్లేదు.

మందుల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. ఫిట్స్ వచ్చిందని తెలిసినచోటల్లా మొదట చేతికొచ్చే మందులు ఫెనిటోయిన్, కార్బమజెపిన్. మామూలు మూర్ఛకి అవి మంచి మందులే. కానీ కార్టెక్స్‌లో పుట్టే ఈ రకం కుదుపుల్ని ఇవి పెంచగలవు. ఆక్స్‌కార్బజెపిన్, గబాపెంటిన్, విగాబట్రిన్ కూడా అంతే. ఫెనిటోయిన్ నడక తూలుని కూడా పెంచుతుంది. ఒక కుర్రాడికి ఒక ఆస్పత్రిలో రాత్రివేళ ఎమర్జెన్సీలో ఫెనిటోయిన్ మొదలుపెట్టారు, ఇంటికి పంపేటప్పుడు దాన్నే కొనసాగించమన్నారు. రెండు నెలలకి మంచం దిగలేని స్థితిలో నా దగ్గరికి తెచ్చారు. జబ్బు ముదిరిపోయిందనుకుని తల్లిదండ్రులు అప్పటికే ఆశ వదులుకున్నారు. మందు నెమ్మదిగా మార్చితే నెలన్నరకి గోడ పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్ళాడు. జబ్బు నయం కాలేదు, మందు చేసిన నష్టం మాత్రమే పోయింది. ఆ తేడా ఆ ఇంట్లో ఎంత పెద్దదో నేను కళ్ళారా చూశాను.

వాల్‌ప్రోయేట్ సంగతి వేరు. కుదుపులకి బాగా పనిచేసే మందే, కానీ అది మైటోకాండ్రియాకి భారం. పోల్‌జీ అనే జన్యువులో లోపం ఉన్నవాళ్ళకి ఇస్తే లివర్ పూర్తిగా దెబ్బతిని ప్రాణం పోవచ్చు, వాళ్ళకి అస్సలు ఇవ్వకూడదు. జన్యు పరీక్ష త్వరగా చేయించమనడానికి ఇది కూడా ఒక కారణం. మెర్ఫ్ అని తేలినా, వేరే మందులు చాలనప్పుడు మాత్రమే, కార్నిటిన్ తోడుపెట్టి, లివర్ పరీక్షలు చేస్తూ కొందరు వాడతారు. నేను వీలైనంతవరకు దాని జోలికి వెళ్ళను.

నేను సాధారణంగా మొదలుపెట్టేది లెవెటిరాసెటమ్. దానికి క్లోనజెపామ్ కలపాల్సి రావచ్చు. చాలకపోతే పెరంపనెల్, పిరాసెటమ్ ఉన్నాయి. లెవెటిరాసెటమ్ కొంతమందిలో చిరాకు, కోపం పెంచుతుంది, పెరంపనెల్ కూడా అంతే. చెల్లెలి స్వభావం మారినట్టు అనిపిస్తే అది మందు వల్ల కావచ్చు, ఆ అమ్మాయిని తిట్టకుండా డాక్టరుకి చెప్పండి. క్లోనజెపామ్ మత్తుగా ఉంచుతుంది. మత్తుగా ఉందని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి, ఆపితే ఫిట్స్ వరసగా రావచ్చు.

కోక్యూ10, రైబోఫ్లావిన్, కార్నిటిన్ లాంటివి చాలామంది రాస్తారు, నేనూ రాస్తాను. వాటి వల్ల మెర్ఫ్ తగ్గుతుందని గట్టి ఆధారం లేదు. ఖరీదు భరించగలిగితే వాడండి. అప్పు చేసి వాడాల్సినవి కావు.

మందులు మొదలయ్యాక మళ్ళీ ఎస్‌ఎస్‌ఈపీ చేయించి, 24 ఎంతకి తగ్గిందో చూడాలా అని చాలామంది అడుగుతారు. అవసరం లేదు. కొందరిలో కుదుపులు బాగా తగ్గినా అల ఎత్తు పెద్దగా మారదు. చెంచాతో అన్నం తినగలుగుతోందా, సంతకం చేయగలుగుతోందా, ఒంటరిగా స్నానం చేయగలుగుతోందా అన్నదే కొలత.

ఇంకో జాగ్రత్త. ఎస్‌ఎస్‌ఈపీ పెద్దగా ఉండటం ఒక్కటే జబ్బు కాదు. పిల్లల్లో, వయసు మళ్ళినవాళ్ళలో అలలు కాస్త పెద్దగానే ఉంటాయి. జెయింట్ స్పందన మెర్ఫ్‌లోనే కాదు, ఉన్‌వెరిక్ట్-లుండ్‌బోర్గ్, లఫోరా లాంటి వేరే కుదుపుల జబ్బుల్లో కూడా ఉంటుంది. అందుకే ఆ ఒక్క కాగితంతో ఎవరూ జబ్బు పేరు పెట్టరు. మీ చెల్లెలి విషయంలో బయాప్సీ, లక్షణాలు, ఎస్‌ఎస్‌ఈపీ మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి కాబట్టి ఇంత వివరంగా చెప్తున్నాను.

వేరే కండరాల జబ్బులున్న ఇళ్ళవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు మాటలు. మగపిల్లల్లో కండరాలు క్రమంగా క్షీణించే డుషెన్ జబ్బులో లోపించే డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ కండరంలోనే కాదు, మెదడులోనూ, కంటి రెటీనాలోనూ ఉండాలి. మెదడులో అది గాబా సంకేతాన్ని అందుకునే గ్రాహకాలని వాటి చోట్లో నిలబెడుతుంది, అంటే అక్కడా బ్రేకు సంగతే. రెటీనా పరీక్ష చేస్తే చూపు బాగానే ఉన్న డుషెన్ పిల్లల్లో కూడా, వెలుగుకి రెటీనా ఇచ్చే విద్యుత్తు జవాబులోని బీ అనే అల చిన్నదిగా ఉండటం తెలిసిన విషయమే. పట్టిన పిడికిలి విప్పలేని మయోటోనిక్ డిస్ట్రఫీలో లోపమున్న ఆర్‌ఎన్‌ఏ కండరంలో చేసే పాడే మెదడులోనూ చేస్తుంది, పగలంతా నిద్ర ముంచుకొచ్చేది అందుకే. అలాంటి జబ్బుల్లో బ్రేకు బలాన్ని కొలవడానికి పరిశోధకులు ఒక షాక్ వెనక కొద్ది మిల్లీసెకన్లకే రెండో షాక్ ఇచ్చి, రెండోదానికి స్పందన ఎంత అణిగిందో చూస్తారు. అది పరిశోధనకి పనికొచ్చే కొలత. డుషెన్‌కో మయోటోనిక్‌కో ఆ పరీక్ష చేయించమని అడగాల్సిన అవసరం లేదు. మయోటోనిక్ అయితే ఆ డబ్బుతో ఏటా ఈసీజీ తీయించండి, గుండె లయ దెబ్బతినడం ఆ జబ్బులో ప్రాణానికే ప్రమాదం.

ఇంట్లో ఎలా చూసుకోవాలో కొంచెం. వెనకనుంచి పిలవకుండా తాకవద్దు, ఎదురుగా వచ్చి మాట్లాడి తర్వాత చెయ్యి పట్టుకోండి. తల దువ్వేటప్పుడు, జడ వేసేటప్పుడు ముందే చెప్పండి. నిద్ర తగ్గినా, జ్వరం వచ్చినా, పస్తు ఉన్నా కుదుపులు పెరుగుతాయి. కాబట్టి శనివారాలు, ఏకాదశి ఉపవాసాలు ఆ అమ్మాయికి వద్దు. గ్లాసు బదులు మూత, స్ట్రా ఉన్న బాటిల్ ఇవ్వండి. పొయ్యి దగ్గర, బావి గట్టున, నీళ్ళ డ్రమ్ము దగ్గర ఒంటరిగా వదలకండి. ఏ ఆపరేషనైనా చేయాల్సి వస్తే మత్తు డాక్టరుకి మైటోకాండ్రియల్ జబ్బు అన్న మాట ముందే చెప్పండి. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు వినికిడిని దెబ్బతీయగలవు, వేరే దారి ఉంటే అవి వద్దని చెప్పండి. ఇవన్నీ ఒక కార్డు మీద రాసి పర్సులో పెట్టండి. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో ఆ కార్డే పనికొస్తుంది.

డిగ్రీ మాన్పించాలా అని కూడా అడిగారు. మాన్పించవద్దు. పరీక్షల్లో రాసిపెట్టే మనిషిని ఇమ్మని, అదనపు సమయం ఇమ్మని డిజెబిలిటీ సర్టిఫికెట్‌తో అడగొచ్చు. కండరాల, నరాల జబ్బులు 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్నాయి.

ఇక మేనరికం. మన ఇళ్ళలో ఏ పుట్టు జబ్బు వచ్చినా వేలు మేనమామ పెళ్ళి వైపే చూపిస్తుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు పాడైన కాపీలు కలిస్తేనే వచ్చే జబ్బులకి మేనరికం వల్ల అవకాశం పెరగడం నిజమే. ఇందాక చెప్పిన పోల్‌జీ జబ్బుల్లో చాలావరకు ఆ రకమే. కానీ మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే పిల్లలకి వస్తుంది, తండ్రి వాటా ఉండదు. 8344 లోపమే అని తేలితే, మీ నాన్నగారు మేనమామ అయినా కాకపోయినా, పరాయి ఊరివాళ్ళైనా, ఫలితం ఇంతే. మీలో కూడా ఆ లోపం కొంత ఉండొచ్చు, కానీ మగవాళ్ళు కాబట్టి మీ పిల్లలకి మీ నుంచి వెళ్ళదు. అక్కచెల్లెళ్ళ పిల్లలకి వెళ్ళే అవకాశం ఉంది. పెళ్ళి మాట వచ్చినప్పుడు ముందు జెనెటిక్ కౌన్సెలింగుకి వెళ్ళాలి.

ఈ మాట ఇంట్లో ఎలా చెప్తారన్నది ఆలోచించి చెప్పండి. మేనరికం కాదట అనగానే మీ నాన్నగారి మీదున్న నింద దిగి, మీ అమ్మగారి మీదికి వెళ్తుంది. అది నేను ఎన్నో ఇళ్ళలో చూశాను. ఒక తల్లి నా గదిలోనే, అయితే నా వల్లే కదా సార్, అని మంగళసూత్రం పట్టుకుని ఏడ్చారు. ఆవిడ మెడ వెనక రెండు పెద్ద కొవ్వు గడ్డలు ఉన్నాయి, వాటికి రెండుసార్లు ఆపరేషన్ చేశారు. ఒక చెవి సరిగా వినపడదు. మెర్ఫ్ లోపం ఉన్న కుటుంబాల్లో ఇవి కనిపిస్తాయి. ఆవిడ కూడా అదే జబ్బుతో, ఆ సంగతి తెలియకుండానే, ఇరవై ఏళ్ళు ఇల్లు నడిపారు. నేరం చేసిన మనిషి కాదు, వైద్యం అందని రోగి. ఆ మాట ఆవిడకీ, పక్కన కూర్చున్న భర్తకీ కలిపి చెప్పాను, విడివిడిగా కాదు.

కాబట్టి వచ్చేసారి వెళ్ళేటప్పుడు అమ్మగారిని కూడా తీసుకెళ్ళండి. మెడ, భుజాల మీద గడ్డలు ఉన్నాయేమో డాక్టరుగారు చూస్తారు. ఈసీజీ, వినికిడి పరీక్ష, షుగరు ఒక్క పూటలో అయిపోతాయి. చెల్లెలికి ఈసీజీతోపాటు గుండె ఎకో కూడా చేయించండి, మెర్ఫ్‌లో గుండె కండరం, గుండె విద్యుత్తు దారులు కూడా దెబ్బతినొచ్చు. జన్యు పరీక్ష రిపోర్టు వచ్చాక ఇక్కడే కింద రాయండి, ఏ స్థానంలో లోపం అన్నారో చూసి మిగతాది చెప్తాను.